నాలుగింటి చాయ్‌లో మొదటి గ్లాసు

సూరత్ లింబాయత్‌లోని ఆ నేత కార్ఖానాలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని చెప్పే బోర్డు ఎక్కడా లేదు. అవసరం రాలేదు. సాయంత్రం నాలుగింటికి యంత్రాలు పది నిమిషాలు ఆపేవారు. కింద కొట్టు నుంచి రవీంద్ర కేట్లీ పట్టుకొచ్చేవాడు. మొదటి గ్లాసు ఎవరి చేతికిచ్చాడో అతను పెద్ద. చివరి గ్లాసు ఎవరికందిందో అతను చిన్న. కొత్తగా చేరినవాడికి మగ్గం నడపడం నేర్పాలంటే నెల పట్టేది గాని, వరుసలో తన చోటేదో తెలియడానికి ఒక్క చాయ్ చాలు.

పంతొమ్మిదేళ్ల పాటు ఆ మొదటి గ్లాసు లింగమూర్తిది.

అతను సిరిసిల్ల నుంచి వచ్చినవాడు. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, చెడిపోతే బాగుచేసే జాబర్. నలభై ఎనిమిది సాంచాలు ఒక్కసారిగా మోగుతుంటే పక్కన పిడుగు పడినా వినబడదు. అంత మోతలో ఏ సాంచాలో దారం మోసే నాడె సరిగా దూకడం లేదో అతను కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఒకసారి చుట్టాల పెళ్లికని ఊరికి పోయి, బంతిలో అన్నం కలుపుతూ కలుపుతూ తలెత్తి, "పన్నెండోది ఆగింది" అన్నాడట. సూరత్‌కి ఫోన్ చేసి కనుక్కుంటే నిజమేనట. పన్నెండోది కాదు, పదకొండోదని ఒకరిద్దరు అంటారు. దూరం ఎక్కువ కదా, ఆ మాత్రం తేడా ఉంటుంది.

పోయిన దీపావళి సెలవుల్లో సేటు ఆ సాంచాలన్నీ సుత్తులతో విరగ్గొట్టించి తుక్కుకి తోలేశాడు. పండుగ తర్వాత ఐదో రోజు, లాభ్ పాంచమ్ నాడు కార్ఖానా మళ్లీ తెరిచేసరికి లోపల కొత్త యంత్రాలున్నాయి. వాటికి నాడె లేదు. వాటి మాట వినడానికి చెవి కూడా అక్కర్లేదు. ఎక్కడ తప్పు జరిగిందో తెర మీద ఎర్రటి అక్షరాలతో అవే చెప్పుకుంటాయి. ఆ అక్షరాలు చదవడానికి వెంకీ వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు. అమ్మానాన్నలు తెలుగువాళ్లే, తను మాత్రం పుట్టి పెరిగింది సూరత్‌లోనే. డిప్లొమా చదివాడు.

"నీ జీతం ఒక్క పైసా తగ్గదు లింగూభాయ్" అన్నాడు సేటు. తగ్గలేదు కూడా. తాన్లు మడతపెట్టి పేర్చే బల్ల దగ్గర నిలబెట్టాడు. పని తేలికే.

ఆ రోజు నాలుగింటికి రవీంద్ర కేట్లీతో వచ్చాడు. లింగమూర్తి చెయ్యి దానంతటది ముందుకు పోయింది. పంతొమ్మిదేళ్ల అలవాటు, అతన్ని అడిగి పోలేదు. గ్లాసు అంచు వేళ్లకి తగిలింది కూడా. అప్పుడు రవీంద్ర గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. సగం చాయ్ లింగమూర్తి చేతి మీద పడింది.

"మాఫ్ కరో మాస్టర్" అన్నాడు రవీంద్ర చిన్నగా. "ముందు కొత్త సాబ్‌కి ఇయ్యమని సేటు చెప్పాడు."

"ఆ ఆ, ఇయ్యి ఇయ్యి" అన్నాడు లింగమూర్తి. నవ్వాడు కూడా. మిగిలిన పదిమందీ నేల వైపు చూశారు.

"కాకా, కాలిందా? టెన్షన్ నహీ లేవాను, నా దగ్గర మలామ్ ఉంది" అని వెంకీ బ్యాగు వెతికాడు. మంచి పిల్లవాడు. వాడు మంచివాడు కాకపోయినా బాగుండేదేమో, తిట్టుకోవడానికన్నా వీలుండేది.

మర్నాటి నుంచి లింగమూర్తికి పదకొండో గ్లాసు, అన్నిటికన్నా చివరిది. గుమ్మం పక్కన ఒక పాత నూనె డ్రమ్ము ఉంది. ఇనుప సామానంతా తుక్కుకి పోయినా అదొక్కటీ ఎలా మిగిలిందో మిగిలింది. ఆ డ్రమ్ము మీద కూర్చుని తాగడం మొదలుపెట్టాడు.

నెల తిరిగేసరికి మనిషి మారిపోయాడు. గొంతు తగ్గింది. మెట్ల మీద ఎవరెదురైనా గోడకి ఒత్తుకుని దారిచ్చేవాడు. ఒకరోజు కుక్కకి దారిచ్చాడు. ఆ కుక్క కూడా ఆగి, ఇదేదో మోసమనుకుందో ఏమో, అతన్ని రెండుసార్లు చూసి గాని కదల్లేదు.

ఇంట్లో భార్య భూదేవి చీరలకు మెరుపు రాళ్లు అతికించే పని చేస్తుంది. ఆమె కళ్లు చురుకు. మొగుడికేదో అయిందని తెలుసుకుని, ఒక పరీక్ష పెట్టింది. కూరలో ఉప్పు వెయ్యడం మానేసింది. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఉప్పు రవ్వంత తక్కువైనా కంచం తోసేసిన మనిషి. మొదటి రోజు తిన్నాడు. రెండో రోజూ తిన్నాడు. మూడో రోజు ఆమే ఉండబట్టలేక అడిగింది.

"మూడొద్దుల సంది కూరల ఉప్పు లేదు. చెప్పవేందయ్యా?"

"ఉన్నదేమో అనుకున్న."

అంతలో ఆమె చూపు అతని చేతి మీద పడింది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, తాగబోయే ముందు గోటితో గ్లాసు మీద రెండుసార్లు కొట్టాడు. టిక్, టిక్.

"గదేంది?"

"ఏంది?"

"గట్ల గ్లాసును కొట్టుడు. ఎప్పటి సంది అలవాటు?"

లింగమూర్తి తన వేలిని తానే చూసుకున్నాడు. ఆ చప్పుడు అతను వారం నుంచి వింటున్నాడు. కార్ఖానాలో చాయ్ తాగేటప్పుడు, వెనక ఎవరో కొడుతున్నారనుకుని రెండుమూడుసార్లు తిరిగి చూశాడు కూడా. మొన్న ఒక యంత్రం ఆగి తెర నల్లగా అయినప్పుడు, అందులో ఒక వంగిన మనిషి కనబడ్డాడు. ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి జారి ఉంది. ఆ భుజం ఎవరిదో అతనికి తెలుసు. వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. మళ్లీ తెర చూశాడు. వంగిన మనిషి కూడా తననే చూస్తున్నాడు.

"గురుమూర్తన్న కొట్టేటోడు గిట్ల" అన్నాడు.

భూదేవి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఆ బావ గూడ గిట్లనే అయిండు. దీపావళి అయినంక మొదలైంది. గాలిపటాల పండుగ దాక గూడ ఉండలే" అంది. ఆ పండుగకి, అంటే సంక్రాంతికి, ఇంకా నెల రోజులుంది. ఆ లెక్క ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

గురుమూర్తి లింగమూర్తి కన్నా ముందు అదే కార్ఖానాలో జాబర్. మోతలోంచి సాంచా జబ్బు వినడం లింగమూర్తికి నేర్పింది ఆయనే. "చెవితోటి కాదురా, పండ్లతోటి వినాలె. కింది దవడ గట్టిగ పట్టు, ఇనుము మాట్లాడ్తది" అనేవాడు. పంతొమ్మిదేళ్ల కిందట, ఇలాగే దీపావళి సెలవులు అయ్యాక, పెద్ద సేటు వచ్చి రేపటి నుంచి లింగూ జాబరు అన్నాడు. ముసలాయన చెయ్యి నెమ్మదించిందని సేటు లెక్క.

మర్నాడు నాలుగింటికి గురుమూర్తి చెయ్యి అలవాటు చొప్పున ముందుకొచ్చింది. అప్పటికి మీసం సరిగా రాని రవీంద్ర, గ్లాసు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక ఆగాడు. లింగమూర్తి ఊరుకుంటే ఆ గ్లాసు ముసలాయనకే అందేది. ఒక్క రోజుకి ఊరుకున్నా సరిపోయేది. అతను ముసలాయన చేతి మీదుగా చెయ్యి చాచి గ్లాసు తీసుకున్నాడు. ఆయన కళ్లలోకి చూస్తూ అడుగు దాకా తాగాడు.

ఆ సాయంత్రం లింగమూర్తి తలెత్తుకుని ఇంటికొస్తే గుమ్మం తలకి తగిలింది. అదే గుమ్మం, అంతకు ముందెప్పుడూ తగల్లేదు. నుదుటి మీద బొప్పిని భూదేవికి చూపించి నవ్వాడు.

గురుమూర్తి గుమ్మం పక్కన ఇదే డ్రమ్ము మీదకి చేరాడు. చివరి గ్లాసు తీసుకుని, గోటితో రెండుసార్లు కొట్టి, తాగేవాడు. ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. భుజం జారింది. తిండి తగ్గింది. డాక్టరు ఒంట్లో ఏ జబ్బూ లేదన్నాడు. పండుగకి నాలుగు రోజుల ముందు ఆయన్ని తాపీ నది ఒడ్డున కాటికి తీసుకెళ్లారు. లింగమూర్తి వెళ్లలేదు. సాంచా విప్పి ఉంది, వదిలి రాలేనని కబురు పంపాడు. ఆ రోజు ఏ సాంచా విప్పి లేదు.

ఆదివారం మధ్యాహ్నం భూదేవి కూతుర్ని పట్టుకుంది. హరిణి కాలేజీలో జంతుశాస్త్రం చదువుతోంది. చీర ఒళ్లో పెట్టుకుని తల్లితో పాటు రాళ్లు అతికిస్తోంది.

"గంత సదువుతున్నవ్ గద, మీ పప్పకేమైందో జర చెప్పు."

"మమ్మీ, నేను చదివేది కోళ్లూ కోతుల గురించి."

"అదే చెప్పు."

హరిణి తండ్రి వైపు చూసింది. అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు, వింటున్నట్టే లేడు.

"కోళ్లగుంపులో గింజ ముందు ఎవరు తినాలో ఒక వరుస ఉంటుంది పప్పా. పై కోడి ఓడిపోతే తల దించేస్తుంది. కూత తగ్గిస్తుంది, మూలకి పోతుంది. కావాలని కాదు, ఒళ్లే అలా చేయిస్తుంది. మళ్లీ తల ఎత్తితే పొడిచి చంపేస్తాయి కదా. ముడుచుకున్నది బతుకుతుంది. కోతుల్లోనూ ఇంతే. మనకీ అక్కణ్ణించే వచ్చింది."

"అంటే నన్ను కోడంటున్నవా?"

"కోడి కాదు పప్పా. కోడికీ నీకూ ఎప్పుడో ముత్తాత ఒక్కడే అంటున్నా."

"మా ముత్తాత పేరు రాజేశం" అన్నాడు లింగమూర్తి. "ఆయిన కోళ్లను తిన్నడు గని, కోడైతే కాదు."

భూదేవి పక్కకి తిరిగి నవ్వింది. నెల రోజుల్లో అతను ఆడిన మొదటి హాస్యం అది. కాని అతని మొహం నవ్వడం లేదు.

"ముడుచుకుంటే బతకాలె అన్నవ్ గద. మరి గురుమూర్తన్న ఎందుకు చచ్చిండు?"

హరిణి చేతిలో రాయిని చీరకి అతికించి తలెత్తింది. "అడవి పెద్దది కదా పప్పా. ఓడిన కోతి నాలుగు రోజులు ముడుచుకుని, తర్వాత ఇంకో చెట్టు చూసుకుంటుంది. అదే చోట, రోజూ నాలుగ్గంటలకి, అదే వరుసలో తెచ్చి నిలబెట్టరు దాన్ని."

లింగమూర్తి నీళ్ల గ్లాసు అందుకున్నాడు. టిక్, టిక్. ఈసారి ముగ్గురూ విన్నారు.

పండుగ ఇంక పది రోజుల్లోకి వచ్చింది. వీధుల్లో మాంజా దారాలకి రంగులద్దుతున్నారు. ఒకరోజు నాలుగింటికి కేట్లీ రాలేదు. ఆలస్యమవుతోందని చివరి గ్లాసువాణ్ణే చూసి రమ్మన్నారు. లింగమూర్తి దిగి వెళ్తే, రవీంద్ర మెట్ల మొదట్లో కూర్చుని మోకాలు పట్టుకుని ఉన్నాడు.

"ఎక్కనంటోంది మాస్టర్. నువ్వు పట్టుకెళ్లు."

లింగమూర్తి కేట్లీ అందుకున్నాడు. రవీంద్ర దాని పిడి వెంటనే వదల్లేదు.

"అప్పుడూ ఇదే కేట్లీ. ఇప్పుడూ ఇదే" అన్నాడు. "పోసేవాడు చేతులే చూడాలి మాస్టర్, మొహాలు చూడకూడదు. నేను ఆ రెండుసార్లూ చూశాను. రెండూ ఒకటే మొహం."

లింగమూర్తి ఒక చేత్తో కేట్లీ, ఇంకో చేత్తో గ్లాసులున్న తీగ బుట్ట పట్టుకుని మెట్లెక్కాడు. పైన పదిమంది వరుసగా నిలబడి ఉన్నారు. ముందు వెంకీ. డ్రమ్ము ఖాళీగా ఉంది. రోజూ దాని మీద కూర్చునేవాడు ఈ రోజు కేట్లీ మోస్తున్నాడు కదా.

అతను గుమ్మంలోనే ఆగాడు. బుట్ట కింద పెట్టి ఒక గ్లాసు తీసి నిండా పోశాడు. వెంకీ చెయ్యి ముందుకొచ్చింది. లింగమూర్తి వెనక్కి తిరిగి ఆ గ్లాసు డ్రమ్ము మీద పెట్టాడు.

"తాగు అన్నా" అన్నాడు. "ఆ పొద్దు నీదే ఉండె. నేను గుంజుకున్న."

పాతవాళ్లు ఇద్దరు తలలు దించుకున్నారు. అతను మళ్లీ కేట్లీ, బుట్ట రెండు చేతుల్లోకి తీసుకుని వెంకీ దగ్గరికి నడిచాడు.

"ఎవరిది కాకా ఆ గ్లాస్?"

"నీ కన్న ముంగటాయినది."

"మరి నేను?"

"నువ్వు ఆయిన తర్వాత. నేను గూడ ఆయిన తర్వాతనే."

వెంకీ ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. వాడి చూపు లింగమూర్తి భుజం మీంచి గుమ్మం వైపు పోయింది.

టిక్, టిక్.

లింగమూర్తి తన చేతుల వంక చూసుకున్నాడు. ఒక దాంట్లో కేట్లీ పిడి, ఒక దాంట్లో బుట్ట తీగ. పది వేళ్లూ బిగిసి ఉన్నాయి. అతను వెనక్కి తిరగలేదు. బుట్ట దించి, వెంకీ గ్లాసులో చాయ్ పోశాడు. ఒక్క చుక్క కింద పడలేదు. తర్వాత వరుసగా అందరికీ పోసి, చివర్న తను తీసుకుని, నిలబడే తాగాడు.

గ్లాసులు ఏరేటప్పుడు డ్రమ్ము మీది గ్లాసు ఖాళీగా ఉంది. అడుగున టీ పొడి రవ్వంత మిగిలింది.

అతని కూరలో భూదేవి ఇంకా ఉప్పు వెయ్యడం లేదు. ఆ రాత్రి భోజనంలో అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "ఏమే, ఉప్పేది?"

భూదేవి ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన చప్పుడయ్యేలా పెట్టింది. "నెల సంది తిన్నవ్ గద, గిప్పుడేమొచ్చింది నోటికి?" అని గట్టిగా తిట్టి, వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గాలిపటాల పండుగ వచ్చింది, పోయింది. లింగమూర్తి ఉన్నాడు. అతనిది ఇప్పటికీ చివరి గ్లాసే, తాన్లు మడతపెట్టే పనే. భుజం పూర్తిగా పైకి రాలేదు. రవీంద్ర మోకాలు నయమై మళ్లీ కేట్లీ తెస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే మొదటి గ్లాసు డ్రమ్ము మీద పెడతాడు. కొత్తగా చేరినవాళ్లు అదేదో దేవుడికనుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆ డ్రమ్ము మీద ఎవరూ కూర్చోరు.

రోజూ ఆ గ్లాసు ఖాళీ అవుతుంది. పిల్లి తాగుతోందంటాడు వెంకీ. అవునవును, పిల్లే అంటారు అందరూ. ఆ మేడ మీద పిల్లిని చూసినవాళ్లెవరూ లేరు. తాగే ముందు గ్లాసు మీద రెండుసార్లు కొట్టే పిల్లి ఎక్కడిదని వెంకీని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే ఆ చప్పుడు తామూ విన్నామని ఒప్పుకోవాలి కదా.