బరువుకు కూర్చున్న మధ్యాహ్నం

కొత్త టైర్ల వాసనలో గ్రీజు వాసన కలిస్తే, ఈ వయసులోనూ నా ఊపిరి దానంతటదే ఆగిపోతుంది. నిన్న బీదర్‌లో చెల్లెలి కారు చక్రాలు సరిచేయించడానికి వెళ్ళినప్పుడూ అంతే అయింది. జీవితమంతా డైరీలు రాశాను గానీ, ఈ భయం డైరీల కన్నా ముందుది.

మా జిల్లా మైసూరు రాష్ట్రంలో ఉన్న కాలంలో మేము హళ్ళిఖేడులో ఉండేవాళ్ళం, నాయిన ఒక పాత నల్ల కారును కిరాయికి నడిపేవాడు. క్రిస్మస్ దగ్గరపడి, ఇంటి నిండా అవ్వ కాల్చే గరిజెల నూనె వాసన, వాకిట్లో జొన్నల ధూళి, తెల్లవారకముందే చెరకు బండ్ల కిర్రు చప్పుడు కమ్ముకునే ఆ చలికాలంలో, నాకు మాత్రం కారు పేరెత్తితే వణుకు. కొద్ది రోజుల కింద బీదర్ దారి దిగుడులో అది ఎడమకు గుంజి గుంత అంచున ఆగింది. కిటికీలోంచి చూస్తే కింద నేల కనబడలేదు. అమ్మకు నెలలు నిండాయి. ఆ దారినే ఆస్పత్రికి పోవాలి.

అందుకే ఆ మధ్యాహ్నం నాయిన ముందు చక్రాలు సరిచేయడానికి పూనుకున్నాడు. రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరాన్ని వెదురు కర్రతో కొలిచి, వెనక అంచుల దూరంతో పోల్చి, కిందికి దూరి వాటిని కలిపే ఇనుప కడ్డీని కొద్దికొద్దిగా తిప్పాలి. ఖాళీ కారుకు కుదిరిన కొలత మనుషులెక్కితే తప్పుతుందని ఆయన నమ్మకం. అందుకని మమ్మల్నే ఎక్కించాడు: ముందు అమ్మ, వెనక అవ్వ, నేను, తన సీట్లో తన బరువుకు ఒక జొన్నల బస్తా.

"ముసలిదాన్ని తూకం రాయి చేసినవు గదరా," అంది అవ్వ.

"నీ అంత రాయి బజార్ల దొరకదమ్మా. నేను బయటికొచ్చెదాంక ఎవ్వలు కదలకుండ్రి," అని నాయిన కిందికి దూరాడు.

చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. అయినా పానా కడ్డీని తిప్పిన ప్రతిసారీ కారు మూలిగేది, ఆ మూలుగు కిందే నాయిన తల ఉందని నాకు తెలుసు. తుమ్ము వస్తే ముక్కు నులిమి ఆపుకున్నాను. అవ్వ పెదవులు చప్పుడు లేని ప్రార్థనలో కదులుతున్నాయి. అప్పుడే అమ్మ చేయి సీటు మీదుగా వెనక్కి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. అంత చలిలోనూ ఆమె మెడ మీద చెమట.

నాయినను పిలవనా అని గుసగుసగా అడిగాను.

"సప్పుడు చెయ్యకు బిడ్డా. నాయిన కిందున్నడు."

ఆ పక్కనున్న బస్తాలాగే కదలకుండా కూర్చుంది. ఎవరి కోసం ఎక్కువ భయపడాలో తెలియక నేను ఊపిరి బిగబట్టాను. నాయిన మట్టి కొట్టుకుని బయటికి వచ్చి, కర్ర పెట్టి చూసి, తలెత్తాకే అమ్మ నోట కేక వెలువడింది.

బస్తాను కిందికి తోసి నాయిన అలాగే బండెక్కాడు. ఆ దిగుడు దగ్గర కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కారు రోడ్డు నడుమనే పోతోంది. పొద్దు గూకకముందే చెల్లెలు పుట్టింది.

నిన్న ఆ చెల్లెలే కిటికీ తట్టి, "దిగన్నా, లోపల ఎవ్వలు ఉండొద్దంట. మిషన్ చూసుకుంటది," అంది. దిగాను. చక్రాలకు పలకలు తగిలించారు, తెర మీద అంకెలు మారాయి. వెదురు కర్ర లేదు, బస్తా లేదు. ఆ రోజు కారులో బరువుకు కూర్చున్న వాళ్ళలో మిగిలింది నేను, అమ్మ కడుపులో ఉండి ఏమీ గుర్తులేని ఆమె.

పని అయిపోయిందని చెల్లెలు రమ్మంది. కారు కింది గోతిలో మెకానిక్ ఇంకా ఉన్నాడు. అతను బయటికి వచ్చేదాకా నేను కదల్లేదు.