గాజులు తీస్తే పట్టే జాగ

మా అక్క సిరిసిల్లలో ఒక మేడ మీది ఇంట్లో అద్దెకుంటుంది. కింద ఇంటాయన సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుస్తాయి. అక్క వంటింటి సింకు ట్యాపు అడుగున నట్టు దగ్గర కారి, ఆ నీళ్లు స్లాబులోంచి దిగి, సరిగ్గా సాంచె మీది బట్ట మీద పడ్డాయి. తుప్పు మరక పడ్డ బట్టను ఎవరు తీసుకుంటారు? ఇంటాయన పైకొచ్చి, "ఇంకొక్క చుక్క పడ్డదంటె ఇల్లు ఖాళీ చెయ్యిన్రి," అన్నాడు. పిల్లల బడి పక్కనే ఉన్న ఇల్లు. అలాంటిది ఆమెకు మళ్లీ దొరకదు.

తప్పంతా నాదే. నేను జగిత్యాలలో ప్లంబింగ్ పని చేస్తాను. పది రోజుల ముందు ఆ ట్యాపు మార్చింది నేనే. ఆ రోజు నీళ్లు కారకుండా చుట్టే టేపు మరిచిపోయాను. సాంచెలున్న ఇంట్లో దారానికేం కొదవ? కింద నుంచి ఇంత పాలిస్టర్ పోగు తెచ్చి పైపు మరలకు చుట్టేశాను. ఒకప్పుడు నేనూ సాంచె నడిపినవాణ్ణే, దారం చుట్టడంలో నన్ను మించినవాడు లేడని గీర. నూలు దారమైతే తడికి ఉబ్బి సందు మూస్తుంది. పాలిస్టర్ ఉబ్బుతుందా, నా మొహం! పైగా సింకు గిన్నెకూ గోడకూ మధ్య నా పెద్ద పైపు పానా పట్టక, వంకరగా తగిలించి గుంజాను. నట్టు మూలలు అరిగాయే తప్ప అది బిగుసుకోలేదు.

అక్క ఫోను రాగానే కోరుట్ల వెళ్లాను. నాకు పని నేర్పిన ఉస్తాదు అక్కడే ఉంటాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు.

"సింకు ఎనుక జాగ ఎంతున్నది?"

"తక్కువే ఉన్నది చాచా."

"తక్కువంటె? నాలుగు వేళ్లా, పిడికిలా? చెయ్యి పెట్టి చూడకుంట పానా తీసినవా? గిదేనా నేను నేర్పింది?"

నాకు ఒళ్లు మండింది. ఆయన పద్ధతి అదే. ముందు కళ్లు మూసుకుని ఉత్త చెయ్యి పెట్టాలి, నట్టును వేళ్లతో తడమాలి, చెయ్యి ఎక్కడ ఆగిందో తెలిశాకే సంచి విప్పాలి. అక్కడి నుంచే అక్కకు ఫోను చేసి, సింకు వెనుక చెయ్యి పెట్టి చూడమన్నాను.

"గాజులతోని పోతలేదు. ఆగు, తీస్త." గలగలమంది. "ఇగో, పోయింది. నట్టు దొరికింది. పిడికిలి పడుతది గని మోచెయ్యి తిరుగుతలేదు."

ఉస్తాదు లోపలికెళ్లి మూరెడు ఇనుప కాడ తెచ్చాడు. పైన అటూ ఇటూ తిరిగే చిన్న దవడ, అడుగున అడ్డంగా పిడి. "గిది కింద నుంచి తిప్పేది. నీ పెద్ద పానా ఈడ పెట్టిపో, లేకుంటె మల్ల అదే తీస్తవ్," అంటూ ఒక టేపు చుట్ట నా జేబులో కుక్కాడు.

కథలాపూర్ మీదుగా సిరిసిల్ల చేరేసరికి సాంచెలు ఆపి ఉన్నాయి. ఇంటాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను మెట్లెక్కాను.

నీళ్లు బందు పెట్టి, సింకు కింద పడుకుని చెయ్యి దూర్చాను. మణికట్టు దగ్గరే ఆగిపోయింది. మళ్లీ దూర్చాను, తోలు లేచింది. దవడను నట్టుకు తగిలించనిదే ఎంత మంచి పానా ఉండి ఏం లాభం? చచ్చేంత సిగ్గేసింది.

"నువ్వు జరుగు," అంది అక్క. గాజులు తీసి పొయ్యి పక్కన పెట్టి తనే పడుకుంది. నేను ఫోను లైటు పట్టాను. పానా దవడ తగిలించి అరిగిన నట్టు విప్పి, పాలిస్టర్ పీచంతా పీకి నా ఒళ్లో వేసింది. నేను పైపు మరలకు టేపు చుట్టి, కొత్త నట్టు అందించాను.

"ఎటు తిప్పాలె?"

"నీ కుడికి. ఇంక తిప్పు. ఇగ చాలు, చాలు!"

నీళ్లు వదిలాం. చుక్క పడితే తెలిసేలా ఇంటాయన కింద సాంచె మీద పాత పేపరు పరిచాడట. అక్క ట్యాపు పూర్తిగా తిప్పి, ఉన్న గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్లీ తోమింది. కొంతసేపటికి కింద ఒక సాంచె నడవడం మొదలైంది, తర్వాత రెండోది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్క చేతులు తుడుచుకుని గాజులు వేసుకుంది. "తమ్మీ, ఇగ చుట్టమోలె రా. రిపేరుకు రాకు. గా పానా మాత్రం ఈడ పెట్టిపో."