అగ్గిపెట్టెలో పదకొండు ఊఁలు

నా చిన్నప్పుడు మా కొండ మీద జరిగిన ఒక సంగతి గురించి రేడియో స్టేషనుకు నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిది మామూలు కవరులో, తరవాతి మూడూ రిజిస్టరు పోస్టులో. అందినట్టు సంతకం చేసిన కార్డులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఒకసారి బస్సెక్కి కొండ దిగి వెళ్లాను. గేటు దగ్గర మనిషి, పెద్దసారు మీటింగులో ఉన్నారని చెప్పి, మధ్యాహ్నం దాకా నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. అదీ మరిచిపోలేదు. వాళ్లు వినకపోతే పోనీ, చదివేవాళ్లకైనా మొదటినుంచీ చెబుతాను.

మా ఊళ్లో కథ ఒక్కరు చెప్పేది కాదు. చెప్పేవాళ్లు ఒకరు, ఊఁ కొట్టేవాళ్లు ఒకరు. కథలో ఒక్కో మలుపు దగ్గర చెప్పేవాళ్లు ఆగుతారు, ఊఁ వినపడితేనే ముందుకు పోతారు. ఊఁ లేకుండా మాట్లాడేది ఒక్క సందర్భంలోనే. ఎవరైనా పోయినప్పుడు ఇంటి పెద్దావిడ శవం పక్కన కూర్చుని, ఆ మనిషికి చెప్పాల్సిన మాటలన్నీ చెబుతుంది. అప్పుడు ఎవరూ ఊఁ అనకూడదు. ఎవరైనా ఊఁ అంటే, పోయినవాళ్లు తమనే పిలిచారనుకుని వెనక్కి వస్తారని నమ్మకం.

మా అమ్మమ్మ సగం ఒడియా, సగం తెలుగు కలిపి కథలు చెప్పేది. రాజ్మా కాయలు వొలుస్తూనో, పసుపు కొమ్ములు తిరగేస్తూనో చెప్పేది. ఊఁ కొట్టేదాన్ని నేనే. నాకు తొమ్మిదేళ్లుంటాయి. ఇంట్లో అంతమంది పిల్లలుండగా ఆ పని నాకే ఇచ్చింది. అంతకన్నా పెద్ద గొప్ప నా జీవితంలో మళ్లీ రాలేదు.

వలిసెపూలు విరగబూసిన రోజుల్లో పట్నం నుంచి ఒకాయన వచ్చి మిషను బడి పక్క గదిలో దిగాడు. అందరం టేపు మాస్టారు అనేవాళ్లం. ఆయన దగ్గర రెండు రికార్డింగు మెషీన్లుండేవి. గదిలో బల్ల మీద ఉండేది పెద్దది. భుజాన తగిలించుకు తిరిగేది చిన్నది. కొండ జనం కథలు రేడియోలో వేస్తానని మా అమ్మమ్మ ముందు మైకు పెట్టాడు. ఆవిడ నోరు విప్పలేదు. "ఈ ఇనప ముక్కకి ఏటి సెప్తాం బాబూ? ఇది ఊఁ అంటాదా? మా గుంటని పిలు" అంది. గుంట అంటే పిల్ల, నేనే. అలా నేను కూడా ఆ టేపులోకి వెళ్లాను.

ఆ రోజు చెప్పింది ఎండ కథ. ఎండకే దాహం వేసి, అంబలి అడుగుతూ ఒక ముసలమ్మ గుడిసెకు వస్తుంది. నీ వెలుగుకు నా కళ్లు పోతున్నాయి, అటు తిరిగి తాగు అంటుంది ముసలమ్మ. ఎండ అటు తిరుగుతుంది. అదే మొదటి రాత్రి. మధ్యమధ్య అమ్మమ్మ "ఒలే గుంటా, ఇన్నావా?" అని అడిగేది. నేను ఊఁ అనేదాన్ని.

మర్నాటినుంచి నేను ఆ గది గుమ్మం వదల్లేదు. మాస్టారు కసరలేదు. లోపలికి పిలిచి, చెవులకు హెడ్‌ఫోను పెట్టి పని నేర్పాడు. చక్రాలను చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పితే గొంతు బండబారి వినిపిస్తుంది. నా ఊఁ అప్పుడు ఎలుగుబంటి గురకలా ఉండేది. ఆ చోట పసుపు పెన్సిలుతో గుర్తు పెట్టాలి. గాడి ఉన్న ఇనప దిమ్మ మీద టేపును పరిచి బ్లేడుతో ఏటవాలుగా కొయ్యాలి. రెండు కొసలనూ తగిలీ తగలకుండా చేర్చి, వెనకవైపు తెల్లని అంటు పట్టీ వెయ్యాలి. మాటను కొయ్యకూడదు, మాటకు ముందున్న ఊపిరి దగ్గర కొయ్యాలి. పని మాత్రం ఆయన బాగా నేర్పాడు. అది ఒప్పుకోకపోతే అన్యాయం.

మొదటి ఊఁ ఆయనే కోసి చూపించాడు. "చూడు పాపా, వినేవాళ్లకు కథ కావాలి, నీ ఊఁలు కాదు. మిగతావి నువ్వు తీసెయ్యి" అన్నాడు. తీసేశాను. అమ్మమ్మ ఊఁ కోసం ఆగేది కాబట్టి ప్రతిదీ విడిగా దొరికింది. నాకు ఆ పని ఎంత ముద్దొచ్చిందంటే, ఏం కోస్తున్నానో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా ఆచారం నాకు తెలియంది కాదు. కానీ ఆ హెడ్‌ఫోను పెట్టుకున్నాక నాకు టేపు తప్ప ఊరు గుర్తు రాలేదు. చివరి ముక్క కూడా నేలమీద పడ్డాక, మాస్టారు నా తల నిమిరి ఒక పిప్పరమెంటు బిళ్ల ఇచ్చాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక బడి ముందు జనమంతా చేరారు. మాస్టారు పెద్ద మెషీను అరుగు మీద పెట్టించాడు. అమ్మమ్మను ముందు వరసలో కూర్చోబెట్టాడు. అంతా ఆవిడ వైపు చూసి నవ్వుతున్నారు, ఆవిడ సిగ్గుపడుతోంది. టేపు తిరిగింది.

అమ్మమ్మ గొంతు గడగడా సాగిపోయింది. ఎక్కడా ఆగలేదు. జనంలో ఒకావిడ పక్కావిడతో, "ఏటిది? ముసిల్ది పీనుక్కి సెప్పినట్టు సెప్తంది?" అంది. "ఊఁ కొట్టినోళ్లు లేరేటి?" అని ఇంకొకరు. అంతలో టేపులోంచి "ఒలే గుంటా, ఇన్నావా?" అని వినిపించింది. జవాబు లేదు. వెంటనే కథ సాగింది. మళ్లీ "ఇన్నావా?" జవాబు లేదు. ఇప్పుడు అందరూ నా వైపు చూశారు. వెనకనుంచి ఒక తాగుబోతు "గుంట సచ్చిపోనాదేటర్రా? ఇక్కడే ఉంది కదా!" అని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

అమ్మమ్మకు అర్థమైంది. బతికున్న మనవరాలిని నోరారా పిలుస్తూ, శవానికి చెప్పే మాట చెప్పేసింది తను. అదీ ఊరందరి ముందు. నన్ను లాగి ఒళ్లో వేసుకుని, నా నోటి దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసింది. "ఊఁ అనే! ఒక్కపాలి ఊఁ అనే నా తల్లీ!" అని ఏడ్చింది. నేను భయంతో ఊఁ అనకుండా ఆవిడ కొంగులో మొహం దాచుకున్నాను. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపులోనే నేను తలెత్తి చూస్తే, మాస్టారు మా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో మైకు. భుజాన చిన్న మెషీను. దాని ముల్లు ఆవిడ గొంతుతో పాటు పైకీ కిందకీ ఊగుతోంది.

మా ఆచారం ఆయనకు ముందే తెలుసు. బడి పంతులమ్మ పిల్లలందరి ఎదుటే ఆయనకు చెప్పింది. తెలిసే నా చేత కోయించాడు. సామాను సర్దుకుంటూ నాతో, "శబ్దంతో కథ చెప్పడమంటే ఇదే పాపా. నువ్వు తీసేసిన చోటే ఏడుపు పుట్టింది చూశావా?" అన్నాడు. నాకు పాఠం చెప్పానని నిజంగానే సంతోషపడ్డాడు.

కొన్నాళ్లకు బడి రేడియోలో ఆ కార్యక్రమం వచ్చింది. కొండ జనం శవం దగ్గర ఇలా ఏడుస్తారని మాస్టారి గొంతు చెప్పింది. తరవాత మా అమ్మమ్మ ఏడుపు. మా ఊళ్లో ఆ రోజు ఎవరూ చావలేదు. ఆవిడ పేరు కూడా చెప్పలేదు, ఒక గిరిజన వృద్ధురాలు అన్నారు.

అమ్మమ్మ ఆ తరవాత నాకు ఒక్క కథ చెప్పలేదు. ఊఁ కొట్టే పని మా చెల్లికి ఇచ్చింది. నేను దగ్గరికి వస్తే మాట ఆపేసేది. కోపమనుకుని ఏళ్లపాటు నేనూ మొహం తిప్పుకున్నాను. నాకు ఇంకొక్క మాట కథలా చెప్పినా నేను నిజంగానే పోతానని ఆవిడ భయమట. ఆవిడ పోయాక మా అమ్మ చెబితే తెలిసింది. శవం దగ్గర నన్ను కూడా ఒక మాట చెప్పమన్నారు. ఎండ కథ మొత్తం చెప్పాను. ఎవరూ ఊఁ అనలేదు. అనకూడదు.

ఇప్పుడు ఆ స్టేషను వాళ్లు పాత టేపులన్నీ ఫోనులో వినేలా పెట్టారు. ఆ ఏడుపు కింద శవం దగ్గరి ఏడుపు అనే ఇంకా రాసి ఉంది. ఎండ కథా ఉంది, నేను కోసినట్టే, ఎక్కడా ఆగకుండా. నా మనవరాలి దగ్గర కూర్చుని, ఈ వయసులో ఫోనులో శబ్దాలు కోయడం, అతకడం నేర్చుకున్నాను. తప్పు కోస్తే ఒక్క నొక్కుతో వెనక్కి వచ్చేస్తుంది. అది చూసి మొదటి రోజు నేను భోజనం చెయ్యలేకపోయాను.

ఆ ఆదివారం గది ఖాళీ అయ్యాక, బల్ల కింద నేల ఊడ్చి నా ముక్కలు ఏరుకున్నాను. పదకొండు. అప్పటినుంచీ అగ్గిపెట్టెలోనే ఉన్నాయి. కొన్ని వంకర పోయాయి, గోధుమ రంగు రాలుతోంది. వాటిని వినిపించే మెషీను మా కొండ మీద లేదు, మీ స్టేషనులో ఉంది. అసలు టేపూ మీ దగ్గరే ఉంది. ఏ ఊఁ ఎక్కడిదో నాకు వరసగా గుర్తుంది. నన్ను ఒక్కరోజు ఆ మెషీను ముందు కూర్చోనివ్వండి. మా అమ్మమ్మ అడిగిన ప్రతిచోటా నేను బతికే ఉన్నానని అతికి వస్తాను. ఆ ఏడుపు కింద నిజం రాయండి.

ఇది అయిదో ఉత్తరం అనుకోండి. ఇంతసేపు ఆగి ఆగి చెప్పాను. స్టేషనులో చదువుతున్న వాళ్లెవరైనా సరే, ఇన్నారా? ఇంటే ఊఁ అనండి.