రంగు దిగిన పట్టు

నా చిన్న కూతురు తడి చేత్తో మగ్గం మీది చీర అంచును తడిమి, తెల్లటి నూలు దాకా చెయ్యి జరిపింది. నూలు మీద ఎర్రటి చార పడింది. కుంకుమేమోనని దాని మిగిలిన వేళ్లు చూశాను. కుంకుమ కాదు. నా వేలు తడిపి అంచు మీద రుద్దాను. వేలు ఎర్రబడింది.

మగ్గం గుంతలో కూర్చున్న నా భర్త నేత ఆపి నా వేలు చూశాడు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టుకు ఊళ్లోనే ఒక ముసలాయన రంగు వేసి ఇచ్చేవాడు. ఆయన పని మానేశాక, బయటి రాష్ట్రం నుంచి రంగు పట్టు తెప్పించే వనపర్తి ఏజెంటును పట్టుకున్నాం. అతను ముందు శాంపిల్ అని పట్టుదారం చుట్ట, ఒక లడి, పంపాడు. కొత్త పట్టు వస్తే మా అత్త తడిపి, తెల్లగుడ్డలో మూటగట్టి రాత్రంతా ఉంచుతుంది. ఆ లడినీ అలాగే కట్టింది; పొద్దున గుడ్డ తెల్లగానే ఉంది. ఆ నమ్మకంతో, తర్వాత వచ్చిన అసలు సరుకును ఎవరం తడపలేదు. నూలుతో కలిపి నేరుగా మగ్గానికి పడుగెక్కించాం.

ఫోన్ చేస్తే ఏజెంటు నవ్వాడు. "పట్టుచీర కట్టుకొని కృష్ణల మునుగుతరా ఏంది అక్కా?"

అత్త ఫోన్ లాక్కుంది. "మునుగుతరు బిడ్డా. పుష్కరాలకు ఒడ్డు మీద నిలబడి సూడు. శాంపిల్ ఒకటి, సరుకు ఒకటి పంపుతవా?"

"రంగు నేనేసిన్నా అమ్మా? వాళ్లేది పంపితే అదే ఇచ్చిన."

మాకు పని ఇచ్చేది హైదరాబాద్‌లో ఒకే ఒక్క దుకాణం; ఇవి దాని పెళ్లిళ్ల చీరలు. "పెండ్లిపిల్లకు చెమట పట్టేదాంక ఎవరికి తెల్వదు," అన్నాడు నా భర్త. కాసేపటికి తనే ఆ దుకాణం సేటుకు ఫోన్ చేసి రంగు దిగుతోందని చెప్పాడు.

సేటు తిట్టలేదు. "ఆపేయి. పెండ్లిళ్ల సరుకు వేరే ఇంట్ల నేపించుకుంట," అన్నాడు. మళ్లీ పని ఎప్పుడిస్తారని అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

పడుగు కోసే కత్తెర చప్పుడు వంటింట్లోకి వినిపించింది. చెడింది పట్టే, కానీ మంచి నూలూ దాంతోపాటే పోయింది. ఇప్పటికీ నాకు సరిగా నిద్ర పట్టదు. వచ్చిన సరుకులోంచి ఒక్క పోగు తడిపినా సరిపోయేది కదా అనిపిస్తుంది.

పడుగు కోసిన మర్నాడు పొద్దున, ఖాళీ మగ్గం చూసి పిల్లలిద్దరూ నా దగ్గరికి వచ్చారు. నాలుగు రోజుల్లో మళ్లీ మొదలవుతుందని చెప్పబోయి ఆగాను.

"మీ నాయన నాగర్‌కర్నూల్ల రైస్‌మిల్లు పనికి పోతుండు. మల్ల ఎప్పుడు నేస్తడో నాకు తెల్వదు బిడ్డా," అన్నాను.