బోధన్ ఎండలో చాక్లెట్ కేకులు

ఆ రోజుల్లో హైదరాబాదులో ఒక్క ఏడాది చదివి వచ్చిన ఆడపిల్లకు సొంత ఊరు ఎంత చిన్నగా కనిపించేదో చెప్తే ఇప్పటివాళ్లు నమ్మరు. ఊరు ఎప్పటిలాగే ఉండేది, మన మెడ మాత్రం కాస్త పొడుగయ్యేది. అరవైల్లో ఒక ఎండకాలం నేను హాస్టల్ నుంచి బోధన్ వచ్చినప్పుడు నా మెడ సరిగ్గా అలాగే ఉంది. చక్కెర ఫ్యాక్టరీ దిక్కునుంచి వచ్చే చెరుకు మడ్డి వాసనకు కొంగుతో ముక్కు మూసుకునేదాన్ని (పుట్టినప్పటినుంచీ పీల్చిన వాసనే). చెంబుతో నీళ్లిస్తే గ్లాసు లేదా అని అడిగేదాన్ని. దీనికంతటికీ కారణం సికింద్రాబాదులో నా స్నేహితురాలి ఇల్లు. వాళ్లమ్మ కేకు చేసి, ఒక్కసారికి నోట్లో పట్టేంత ముక్కలు కోసి, చాక్లెట్‌లో ముంచి పెట్టేది. అవి తిన్నాక మా అవ్వ చేసే గరిజెలు, సకినాలు నా కంటికి పశువుల దాణాలా కనిపించసాగాయి. ఇంతకీ నేనేమన్నా దొరసాని కడుపున పుట్టానా అంటే, బాపుది చెరుకు సాగు, అవ్వకు (మేం అమ్మను అలాగే పిలిచేవాళ్లం) సంతకం కూడా రాదు.

సరిగ్గా అప్పుడే అన్నకు బాల్కొండ దిక్కు సంబంధం వచ్చింది. పసుపు పండించే కుటుంబం. మావాళ్లు పోయి పిల్లను చూసి వచ్చారు. అన్నకు ఎంత నచ్చిందంటే, అన్నం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయేవాడు. ఇక పిల్ల తండ్రి, నాయనమ్మ మా ఇల్లు చూడడానికి రావాలి. వాళ్లు సరేనంటేనే పెళ్లి.

"గరిజెలు చేస్త. అందరు తింటరు," అంది అవ్వ.

"గరిజెలు పెడితే మనల్ని ఊరోళ్లనుకుంటరవ్వా. నేను చాక్లెట్ కేకులు చేస్త," అన్నాను.

"మనం ఊరోళ్లమే గద బిడ్డా," అన్నాడు బాపు.

ఆ మాటకు నేను నవ్విన నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న కోకో డబ్బాను దేవుడి ప్రసాదంలా బయటికి తీశాను. మైదా, గుడ్లు, చక్కెర, డాల్డా కలిపి, పెద్ద గంజులో ఇసుక పోసి, పిండి గిన్నెను అందులో దించి, మూత మీద నిప్పులు పోశాను. అవ్వ ఏదో చెప్పబోతే, "నీకు తెల్వదు, ఊకో," అన్నాను (నాకు మాత్రం ఏం తెలుసని). కేకు అడుగున మాడింది, నడుమ ఇటుకలా బిగిసింది. కత్తిపీట మీద కోస్తే కర్ర కోసినట్టు చప్పుడు. పైన పూత వేస్తే అన్నీ కప్పబడతాయనుకుని, కోకో, డాల్డా, చక్కెర కాచి అందులో ముంచాను. సికింద్రాబాదులో ఆ ముక్కలను ఫ్రిజ్‌లో పెట్టేవారు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు. నా చూపంతా తినడం మీదే కదా. బోధన్ ఎండలో నా పూత గట్టిపడటం మాట అటుంచి, పళ్లెం అంచులు దాటి పారింది. నీళ్ల కుండ పక్కన తడి ఇసుక మీద పెట్టి విసనకర్రతో విసిరాను. చెయ్యి నొప్పి పుట్టింది తప్ప అది ఆగలేదు.

చుట్టాలు వచ్చారు. నాయనమ్మ ఒక ముక్క తీసుకుంది. చాక్లెట్ వేళ్ల మీదుగా మోచేతిదాకా దిగింది.

"గిది దగ్గు మందా బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"కాదమ్మా, కేకు. హైదరాబాదుల గివే తింటరు," అన్నాను.

పిల్ల తండ్రి ఒకటి నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాడు. అవ్వ చాయ్ పెట్టుకొచ్చేదాకా నములుతూనే ఉన్నాడు. మావాళ్ల దిక్కు చూశాను. బాపు ఒకటి మింగి ఇంకొకటి అందుకున్నాడు. అవ్వ తలవంచుకుని తింటోంది. అన్న కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, "మస్తుగున్నయ్," అన్నాడు. పెద్దాయన మావాళ్ల ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. లేచి, చేతులు కడుక్కునే వంకతో తల్లిని పెరట్లోకి తీసుకుపోయాడు. సంబంధం పోయిందనుకున్నాం. అన్న నా దిక్కు చూసిన చూపును కోపం అనడం చిన్నమాట.

తిరిగి వచ్చి ఆయన బాపు ఎదురుగా కూర్చున్నాడు.

"మా పిల్లకు వంట అంత మంచిగ రాదు పటేలా. గదే నా రంది. గివి తిన్నంక కూడ మీ పిల్లను ఒక్క మాట అననోళ్లు మీరు. మా బిడ్డను గిసొంటింట్లకే ఇయ్యాలె. పెండ్లి ఎప్పుడు వెట్టుకుందాం?"

బాపు నవ్వాడు. నోట్లో కేకు ఉండటంతో జవాబు చెప్పడానికి కొంత సమయం పట్టింది. పెళ్లయి వచ్చిన వదిన నాతో అన్న మొదటి మాట, "మా బాపుకు పన్ను కదిలింది నీ కేకుతోనేనా?"

ఇప్పుడు ఏ గల్లీలో చూసినా బేకరీలే. మనవరాలు తెచ్చిపెట్టే చాక్లెట్ ముక్కలు మెత్తగా, చేతికి అంటకుండా ఉంటాయి. తింటాను, బాగుంటాయి. నేను మాత్రం పప్పులో ఉప్పు వేసినా సరిపోయిందో లేదో ఇంట్లో అందరినీ అడుగుతాను. కోడలు విసుక్కుంటుంది. అప్పుడప్పుడు ఆ పొడుగు మెడ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. వంట రాదు, సిగ్గు లేదు, భయమూ లేదు. ఆ భయం లేకపోవడం ఒక్కటి కాస్త మిగిలి ఉంటే బాగుండేది.