గుమ్టీలోంచి తీసిన చిరుత

అడవిలో చిరుతపులిని ఫోటో తీయాలనే నా పిచ్చి గురించి మా రైల్వే కాలనీలో తెలియనివాళ్లు లేరు. పెళ్లి కాని నలభై ఏళ్ల ఆడది ఆదివారం పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని పాసింజరెక్కుతుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? "ఆ నెమిళ్లనో కొంగల్నో తీసుకోవచ్చు కదే, ఊసుపోకపోతే" అనేది మా అమ్మ. నెమళ్లను చాలానే తీశాను. చిరుత మాత్రం నాలుగేళ్ల తిరుగుడులో ఒక్కసారి దొరికింది, అదీ తోక.

వారమంతా బిలాస్‌పూర్‌లో రైల్వే ఆఫీసు కుర్చీ. నాన్న పోయాక ఇచ్చిన ఉద్యోగం, నాన్న బతికుండగా ఇచ్చిన క్వార్టరు లాంటిదే ఇంకో క్వార్టరు. కిటికీలోంచి చూస్తే అదే వరస ఇళ్లు, అవే స్కూటర్లు. ఇందులోంచి నన్ను బయటికి లాగగలిగేది ఆ ఫోటో ఒక్కటేనని నాకు గట్టి నమ్మకం. ఎందుకని అడిగితే చెప్పలేను, కానీ నమ్మకం మాత్రం నిజం.

నాన్నతో ఒకే పట్టాల గ్యాంగులో పనిచేసినాయన ఒకాయన ఉన్నాడు. సొంత బాబాయి కాకపోయినా నేను బాబాయ్ అనే పిలుస్తాను. కీమ్యాన్. కర్గీ రోడ్ స్టేషన్ దాటాక అడవిలో వెళ్లే లైను మీద ఆయన డ్యూటీ. భుజాన సుత్తి వేసుకుని పట్టాలు, వాటి బిగింపులు చూసుకుంటూ పొద్దున పోతాడు, మధ్యాహ్నానికి అదే దారిన తిరిగొస్తాడు. రెస్టు రోజున కాలనీలో తన ఇంటికొచ్చినప్పుడు, టీ తాగుతూ ఆయనే చెప్పాడు.

"మూసీసిన గేటు కాడ కల్వర్టులో చిరుత రెండు పిల్లలెట్టిందమ్మా. కొండ వేపునుంచి వస్తాది, పోతాది. నేను దూరంనుంచే దణ్ణమెట్టుకుని పోతన్నాను. నువ్వు మాత్రం రాకు. పిల్లలతల్లి అది, మంచిది కాదు. వచ్చేవంటే నిన్ను బండెక్కించీసి మీ అమ్మకి ఫోన్ చేసెస్తాను, అచ్ఛా?"

అచ్ఛా అన్నాను. మర్నాడే ఆఫీసులో సిక్‌లో పెట్టుకున్నాను. ఆదివారం దాకా ఆగితే అది పిల్లల్ని ఇంకోచోటికి మార్చేస్తుంది. ఆఫీసుకి జ్వరం, అమ్మకి డ్యూటీ, బాబాయికి అసలేమీ చెప్పలేదు. సిక్‌లో ఉన్నవాళ్లు ఊరు దాటకూడదు. దొరికితే చార్జిషీటే.

లెవెల్ క్రాసింగ్ గేటు మూసేశాక అక్కడ మిగిలింది గేటుమ్యాన్ ఉండే ఇటుకల గది, మేం గుమ్టీ అంటాం. లైను వైపు ఊచల కిటికీ, వెనక తలుపు. తలుపుకి లోపలి గెడ ఎవరో పీక్కుపోయారు, బయటిది మాత్రం ఉంది. లోపల మేకల పెంటికలు, వేడి. తలుపు దగ్గరగా లాగి, కెమెరా కిటికీకి పెట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి సుత్తి చప్పుడు వినిపించింది. పట్టా మీద ఒక దెబ్బ, నాలుగు అడుగులు, మళ్లీ దెబ్బ. నేను గోడ మూలకి నక్కాను, తేలు కుట్టిన దొంగలా. చప్పుడు ఆగింది. అడుగులు లైను దిగి గుమ్టీ వెనక్కి వచ్చాయి. రైల్వేలో ముప్పై ఏళ్లు చేసినవాడికి వేలాడుతున్న గెడ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. డబ్బా మూతైనా, గేటైనా, ఎవరిదైనా సరే, వేసి పోవాల్సిందే. మా నాన్నా అంతే. పక్కింటివాళ్ల గేటు కూడా వేసొచ్చేవాడు.

గెడ పడింది. ఒక్క కేక వేస్తే చాలు, తీసేవాడు. వేయలేదు. కేక వేస్తే బండెక్కించేస్తాడు. సుత్తి చప్పుడు మెల్లగా దూరమైంది.

ఆ తర్వాతి నాలుగు గంటలు ఎలా గడిచాయో రాయడానికి సిగ్గుగానే ఉంది. నీళ్లు తెచ్చుకున్నాను కానీ తాగలేదు, తాగితే ఇంకో అవసరం వస్తుందని. ఆ అవసరం ఎలాగూ వచ్చింది. తలుపుని భుజంతో తోశాను, కదల్లేదు. ఫోన్లో సిగ్నల్ ఉంది, కానీ ఎవరికి చేయను? ఆఫీసుకా, అమ్మకా? నేనాడిన అబద్ధాలే చుట్టూ గోడలయ్యాయి. మీద రేకు వేడెక్కుతోంది. ఊపిరాడక కిటికీ ఊచలకి మొహం ఆనించి కూర్చుంటే, జూలో ఉన్నది నేనే అనిపించింది. ఏడుపొచ్చింది కూడా.

అప్పుడొచ్చింది.

కల్వర్టు పక్క గడ్డిలోంచి ముందు తల్లి, వెనక రెండు పిల్లలు. పట్టాలు దాటి నా వైపుకే వచ్చి కానుగచెట్టు నీడలో పడుకుంది. నాకు పదిహేను అడుగులుంటుందేమో. పిల్లలు పొట్టలోకి దూరాయి. నా ఏడుపు, దాహం, అన్నీ పోయాయి. కెమెరా ఎత్తి తీయడం మొదలుపెట్టాను.

అది పడుకున్నది పట్టాల పక్క కాలిబాట మీద. కీమ్యాన్ నడిచే బాట అది.

నాకు ఆ విషయం గుర్తుకొచ్చేసరికి సుత్తి చప్పుడు వినిపించనే వినిపించింది. అక్కడ లైను వంపు తిరుగుతుంది. ఇటు ఏముందో అటువాళ్లకి కనబడదు. ఎప్పుడూ కొండవైపే తిరిగే చిరుత ఈ పక్కకి వచ్చి పడుకుంటుందని బాబాయికి తెలిసే దారి లేదు. వంపు తిరిగితే దాని మీదికే వస్తాడు. పిల్లలతల్లి మీదికి.

ఫోన్ నా ఒళ్లోనే ఉంది. ఆయన నంబరు ఉంది. నేను చేస్తే ఆయన జేబులో మోగుతుంది, ఆగుతాడు. లేదా నేను అరిస్తే ఇది లేచిపోతుంది.

చిరుత తలెత్తింది. చెవులు వంపు వైపు తిరిగాయి. ఒళ్లు నేలకి అంటుకుపోయింది, తోక కొస మాత్రం కదులుతోంది. నాలుగేళ్లుగా నేను కలలో చూస్తున్న మొహం అది. ఒక్కటి తీసి ఫోన్ చేద్దామనుకున్నాను. ఒకటి తీశాను. ఇంకొక్కటి అనుకున్నాను. సుత్తి దగ్గరవుతోంది. ఇంకొక్కటి. మొత్తం పదకొండు తీశాను.

బాబాయ్‌ని కాపాడింది నేను కాదు. బొగ్గు గూడ్సు హారన్ కొడుతూ వచ్చింది. బండొస్తే కీమ్యాన్ లైను దిగి నిలబడాలి. ఆయన అటువైపు దిగాడు. బండి మధ్యలోంచి పోయింది. చివరి పెట్టె దాటేసరికి కానుగ కింద ఏమీ లేదు. బాబాయ్ సుత్తి భుజాన వేసుకుని నడిచి వస్తున్నాడు.

అప్పుడు అరిచాను. పరుగున వచ్చి గెడ తీశాడు.

"ఏటి, నువ్వా! ఎప్పుడొచ్చీసేవు?"

"పొద్దున్నే, బాబాయ్."

"ఆరి నా బుద్ధి తగలెయ్య! నేనే గెడెట్టీసేనా? ఈ ఎండలో ఎలా ఉన్నావే తల్లీ. కేకెయ్యొద్దేటి?"

"నిద్రపట్టేసింది."

"అది అవుపడిందేటి?"

"రాలేదు, బాబాయ్."

స్టేషన్ దాకా నన్ను తీసుకెళ్తూ దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు. తన సీసాలో నీళ్లు నాచేత తాగించాడు. బండెక్కించాడు కానీ అమ్మకి ఫోన్ చేయలేదు. నిన్ను అలా బంధించీసింది నేను కదా, ఇంకేం చెప్తాను, అన్నాడు.

ఏడు నెలలు ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు. కానీ అది బాగుంది. ఎంత బాగుందంటే, దాచుకోవడం నావల్ల కాలేదు. పెద్దది చేయించి, ముందు బాబాయికే చూపించాలనిపించింది. ఎందుకనిపించిందో మరి. ఆయన రెస్టు రోజున పట్టుకెళ్లాను.

కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మన గేటు కాడ కానుగే కదేటిది?"

"అవును."

"నీడ చెట్టు మొదట్లోనే ఉంది. పన్నెండు గంటలు, నేను తిరిగొచ్చే ఏల." వేలు చిరుత చూపు వెంట నడిచి ఫోటో అంచు దాకా వెళ్లి ఆగింది. "వంపు వేపు సూస్తంది."

ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

"ఆ రోజేనా?"

"ఆ రోజే, బాబాయ్. ఫోన్ ఒళ్లోనే ఉంది. ఫోటో బాగా వస్తోందని చెయ్యలేదు." ఒక్క ఊపిరిలో అనేశాను. తిడతాడని అనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్లానేమో కూడా. తిడితే ఏడ్చేదాన్ని, కాళ్ల మీద పడేదాన్ని, ఎలాగో ఒకలా అందులోంచి బయటపడేదాన్ని.

ఆయన ఫోటో తిరగేసి నా ఒళ్లో పెట్టాడు. వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మీ పిన్నికి సెప్పకు. నువ్వంటే దానికి పేనం."

పిన్ని టీ తెచ్చింది. ఆయన తన గ్లాసు అందుకుని, వేడిగా ఉంది, నెమ్మదిగా తాగమ్మా, అన్నాడు.