రెండో కాలి కుట్టు

ఎనిమిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అది నాకు కొరుకుడు పడలేదు. మూడోసారి కూడా దాని ప్రాణం తియ్యడం పాపమని బడికి దణ్ణం పెట్టేశాను. పోర్టులో కళాసీగా చేస్తున్న మా నాన్న నన్ను రెండు వాయించి, పాత పోస్టాఫీసు వెనక సందులో ఒక టైలరు కొట్లో కూచోబెట్టాడు. ఆ టైలర్ని సందంతా ఉస్తాద్ అనేది. నేనూ అదే అన్నాను.

డెబ్భైల మొదట్లో మాట. కుర్రకారుకి బెల్‌బాటం జబ్బు పట్టుకున్న రోజులు. ప్యాంటు మోకాలి దగ్గర మొదలై రోడ్డంతా పరుచుకునేది. ఊరి రోడ్లన్నీ మేం కుట్టిన ప్యాంట్లే ఊడుస్తున్నాయి, మున్సిపాలిటీ వాళ్ళు మాకు జీతం ఇవ్వాలని నేననేవాణ్ణి. కొట్లో అందరూ నవ్వేవారు. ఉస్తాద్ మాత్రం సూది కింద పెట్టకుండా, ముందు కాజా కుట్టు, తర్వాత కథలు కుడుదువుగాని అనేవాడు.

మనిషి మాటకి గట్టివాడు. శుక్రవారం ఇస్తానన్న బట్టలు శుక్రవారం నమాజు నుంచి వచ్చి, టోపీ కూడా తియ్యకుండా చేతిలో పెట్టేవాడు. పదేళ్ళకి ఆయన చూపు మందగించింది. కత్తెర నాకిచ్చి తను బల్ల మీదకి మారాడు. అక్కడ కూచుని వేళ్ళతో తడుముకుంటూ కాజాలు కుట్టేవాడు. కత్తెర ఇచ్చిన రోజున ఒక్క మాటే అన్నాడు.

“నీ చేతికి నాకు తెలిసిందంతా నేర్పినాను. నీ నోటికి బొత్తాం కుట్టడం నా వల్ల కాలేదు.”

నిజమే, ఆ నోటితోనే నేను బతుకుదామనుకున్నాను. కొట్టు నా చేతికి రాగానే ఉస్తాద్ శుక్రవారాలు రద్దయిపోయి ‘రేపు’ మొదలైంది. ఎవరొచ్చి ఎప్పుడిస్తావన్నా రేపు. మర్నాడు వస్తే మళ్ళీ రేపు. అలిగినవాడికి ఒక టీ, ఒక జోకు. పోలీసు దగ్గర్నుంచి పూజారి దాకా మగవాళ్ళందర్నీ ‘బావా’ అనేవాణ్ణి. బావ మీద ఎవరూ కేసు పెట్టరు కదా. ఉర్దూలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట, ‘కల్’. అది తెలిశాక నాకు రెక్కలొచ్చాయి. హిందీ మాట్లాడే ఓడ సరంగు ఒకాయన ప్యాంటు ఏదని నిలదీస్తే, కల్ అన్నాను గానీ అది ఏ ‘కల్’ అని చెప్పానా అని ఎదురడిగాను. ఆయన నవ్వలేదు, మళ్ళీ రాలేదు కూడా. పోనీలే, ఓడ వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. తర్వాత ఆయన్ని మా సందు చివరనున్న మరో టైలరు కొట్లో చూశాను. చూడనట్టు వచ్చేశాను.

ఇందులో తప్పంతా నాదే కాదు. గిరాకీలు కూడా తక్కువ తిన్నవాళ్ళు కాదు. టైలరు చెప్పే రేపు అబద్ధమని ఊరందరికీ తెలుసు. అందుకని వాళ్ళూ అబద్ధమే చెప్పేవారు. పెళ్ళి ఆదివారమైతే బుధవారమనేవారు. అది నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. వాళ్ళు చెప్పిన రోజుకి నాలుగు రోజులు కలుపుకుని నేను కుట్టేవాణ్ణి. అబద్ధానికి అబద్ధం చెల్లిపోయి, మొత్తానికి పెళ్ళికొడుకులందరూ బట్టలతోనే పీటలెక్కారు.

ఈ లెక్క తెలియనివాడు ఒకే ఒక్కడు వచ్చాడు.

ఎనభైల్లో కూర్మన్నపాలెం వైపు ఉక్కు కర్మాగారం పనులు ఊపందుకున్న కాలం. ఆ చుట్టుపక్కల భూములు పోయిన రైతుల్లో ఒకాయన, నలభైకి దగ్గర పడినవాడు, బిస్కట్ రంగు టెర్రీకాటన్ గుడ్డ చంకలో పెట్టుకుని మా కొట్టుకొచ్చాడు. అక్కడ పనులు చేయిస్తున్న ఒక కాంట్రాక్టు కంపెనీలో హెల్పరు పనికి పిలుపొచ్చిందట. సోమవారం పదకొండింటికి గేటు దగ్గర ఉండాలి. మిషన్ల మధ్య పని గనక పంచెలతో లుంగీలతో వచ్చేవాళ్ళని లోపలికి రానివ్వరని కాగితంలో రాసి ఉంది. ఆయన పుట్టి బుద్ధెరిగాక ప్యాంటు తొడగలేదు. భూమి పోయింది, ఈ పని కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదని, కొలతలు తీస్తుంటే చేతులు పైకెత్తి నిలబడే చెప్పాడు. నడుం కొలతకి చేతులెత్తక్కర్లేదు బావా, దొంగతనం చేశావా ఏటి అన్నాను. చేతులు దించాడు గానీ నవ్వలేదు.

సోమవారమా, అంటే శుక్రవారం అన్నమాట అని నేను మనసులో నాలుగు రోజులు కలిపేసుకున్నాను. గుడ్డ కత్తిరించి మూట అడుగున తోశాను. గురువారం వచ్చాడు, రేపన్నాను. శుక్రవారం వచ్చాడు. శనివారం వచ్చాడు, ఆదివారం కొట్టు మూత. ప్రతిసారీ రెండు బస్సులు మారి రావడం, నేను రేపనడం, ఆయన బుద్ధిగా తలూపి పోవడం. ఇంత మంచి గిరాకీ ఉండడని ఉస్తాద్‌తో అన్నాను కూడా. ఉస్తాద్ దారాన్ని పంటితో పుటుక్కున తెంపాడు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి కొట్టు తలుపు తీసేసరికి అరుగు మీద ఉన్నాడు. తలకి నూనె, ఉతికిన చొక్కా, కింద పంచె. చేతిలో ఆ కాగితం.

“ప్యాంటు ఇచ్చీ బాబూ, బస్సుకి ఎల్లిపోతాను” అన్నాడు.

నేను అలవాటు ప్రకారం నోరు తెరిచాను. రేపు ఇంకా రాలేదు బావా, దారిలో ఉంది అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. లెక్క తేలనివాడి చూపు.

“మా కాడ రేపు నాట్లంటే, తెల్లారీసరికి మడికాడ ఇరవై మంది ఉంటారు. రేపంటే పిలుపు బాబూ. నువ్వు పిలిస్తన్నావనుకుని నాను నాలుగు మాట్లు వచ్చీసాను. సోమారమని నాను నిజమే సెప్పినాను. నువ్వు ఏటనుకున్నావు?”

పదేళ్ళలో మొదటిసారి జోకు కోసం వెతికితే దొరకలేదు. నాతోపాటే వచ్చి బల్ల ఎక్కిన ఉస్తాద్ మాత్రం అప్పటికే సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. “మిషనెక్కు” అన్నాడు నాతో.

ఎక్కాను. గంటన్నరలో ప్యాంటు కుట్టడం గొప్ప కాదు, ఆ గంటన్నరా నోరు మూసుకోవడం గొప్ప. నేను కాళ్ళు కలుపుతుంటే ఉస్తాద్ నడుం పట్టీకి కాజా తడుముకుంటూ కుట్టాడు. తొమ్మిదిన్నరకి తెర వెనక్కి పంపాం. ఆయన బయటికొచ్చేసరికి జిప్పు వీపు వైపు ఉంది. నా పొట్టలో నుంచి నవ్వు గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగించి, తిప్పి తొడుక్కోండి అని మర్యాదగా చెప్పాను. నేను వ్యాపారంలో పెట్టిన మొదటి పెట్టుబడి ఆ మింగిన నవ్వేనని ఇప్పటికీ అనుకుంటాను.

అడుగు మడతలు మిగిలిపోయాయి. ప్యాంటు కాళ్ళ కింద జానెడు జారుతోంది. కూచుని కుట్టే టైము లేదు. సూదీ దారం, కత్తెర జేబులో వేసుకుని ఆయనతోపాటు నేనూ బస్సెక్కాను. గాజువాక బస్సు, నిలబడ్డానికే చోటు చాలదు. ఎవరో లేచి ఆయనకి సీటిచ్చారు. నేను ఆయన పాదాల దగ్గర గొంతుక్కూచుని మడత కుట్టడం మొదలెట్టాను. మల్కాపురం దాకా బస్సంతా నా మీదే నవ్వింది. కండక్టరు వచ్చి, బావా, నడుస్తున్న ప్యాంటుకి టిక్కెట్టు వేరే అన్నాడు. ఎవరో ఆడమనిషి, మా ఆయన చొక్కాకి బొత్తాం ఊడింది, అదీ కుట్టేద్దురూ అంది. ఇంతకాలం నేను నలుగురికీ వడ్డించిన వంట నాకే విస్తట్లో పెట్టారు. ఉప్పు కొంచెం ఎక్కువే వేసేవాణ్ణని అప్పుడు తెలిసింది. బ్రేకు పడినప్పుడల్లా సూది ఎవరి చర్మంలో దిగుతుందో తెలియదు. ఎక్కువసార్లు నా వేలిలోనే దిగింది. ఒకసారి ఆయన కాల్లో దిగితే, పర్లేదు, ముల్లు కాదు కదా అన్నాడు.

గాజువాకలో బస్సు మారి, కూర్మన్నపాలెంలో దిగి గేటు దగ్గరికి పరిగెత్తేసరికి పదకొండూ పది. ఒక కాలి మడత పూర్తయింది. రెండో కాలు సగంలో సూదితో సహా వేలాడుతోంది. గేటు దగ్గర బల్ల వేసుకున్న గుమాస్తా, ఈయన పేరు పిలవడం అయిపోయింది, లిస్టు లోపలికి వెళ్ళిపోయిందన్నాడు.

రైతు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అలా మడవడం చూసి నేను ముందుకెళ్ళాను. ముందు పాత విద్యే ప్రయోగించాను. బావా, పది నిమిషాలకి ప్లాంటేమీ పారిపోదు అన్నాను. గుమాస్తా నేను మాట్లాడనట్టే తల వంచుకుని రాసుకున్నాడు. వెనక నిలబడ్డ రైతు చెప్పుల చప్పుడు వినపడింది, వెళ్ళిపోవడానికి తిరిగాడు. అప్పుడు నా నోట్లోంచి, నా అనుమతి లేకుండానే, వేరే గొంతు వచ్చింది.

“తప్పు ఆయనది కాదండి. నాను టైలర్ని. ఆరు రోజుల ముందే గుడ్డిచ్చీసి నిజం తేదీ సెప్పినారు. నానే అబద్ధమనుకుని కుట్టలేదు. నా వల్లే లేటయింది.”

గుమాస్తా తలెత్తాడు. నన్ను చూశాడు, రైతుని చూశాడు, కిందికి చూశాడు. వేలాడుతున్న సూది ఎండకి మెరుస్తోంది.

“ఆ రెండో కాలు ఎప్పుడిస్తావు?” అన్నాడు.

నాలుక చివర రేపు సిద్ధంగా ఉంది. అది పుట్టి పెరిగిన ఇల్లది. దాన్ని లోపలికి తోసి, ఐదు నిమిషాలండి అన్నాను. కానియ్ అని గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. నేను కంకరలో మోకాళ్ళూని కుట్టాను. దారం తెంపగానే, ఐదన్నావు, ఆరయింది అన్నాడు. అవునండి, ఆరు అన్నాను. బతిమాలలేదు, వాదించలేదు. ఆయన గడియారం పెట్టుకుని, రైతు చేతిలో కాగితం తీసుకుని, లోపలికి తనే వెంటబెట్టుకుని వెళ్ళాడు.

మూడు గంటలు గేటు బయట నిలబడ్డాను. కొట్టు ఉస్తాద్ మీద వదిలేసి, ఎండలో, ఒక్కరితో కూడా మాట కలపకుండా. నాకు తెలిసి అంతసేపు నేను నిద్రలో తప్ప మౌనంగా లేను. ఎట్టకేలకు వచ్చాడు. ప్యాంటు వైపు ఎవరూ చూడలేదట. గునపం ఇచ్చి తవ్వమన్నారట, వేలిముద్ర తీసుకున్నారట. పని దొరికింది.

“రేపట్నించి రమ్మన్నారు. ఏ రేపండీ అని అడిగీసాను. నువ్వు నేర్పినావు కదా.”

చెప్పి, ఆ మనిషి మొదటిసారి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మంచి జోకే, నాది కాదు, అంతే.

తర్వాత కొట్టు గాజువాకకి మార్చి, అది ఆరు మిషన్లదయ్యాక, పెట్టుబడి ఎక్కడిదని చాలామంది అడిగారు. మామగారిచ్చాడని కొందరికి, సింహాచలం అప్పన్న కలలోకొచ్చి లంకెబిందె చూపించాడని కొందరికి చెప్పాను. రెండూ నమ్మారు. ఇదొక్కటే ఎవరూ నమ్మలేదు. నిజానికి ఆ సోమవారం తర్వాత నేను తేదీ చెప్పడం మొదలెట్టగానే బాగుపడలేదు, పాడయ్యాను. పన్నెండు రోజులు పడుతుందంటే సగం మంది పక్క సందుకి పోయారు. ఉన్నవాళ్ళు నేను చెప్పిన తేదీకి తమ నాలుగు రోజులు కలుపుకుని తీరిగ్గా వచ్చారు. కుట్టిన బట్టలు కొట్టు నిండా వేలాడేవి, కూచోవడానికి నాకే చోటుండేది కాదు. అబద్ధమాడినప్పుడు గిరాకీ నా వెనక తిరిగేది, నిజం చెప్పాక గిరాకీ కోసం నేను తిరిగాను. మనిషి మారితే చాలదు, మారాడని ఊరికి తెలియడానికి వేరే కాలం పడుతుంది. ఆ కాలమంతా జేబు ఖాళీగా ఓపిక పట్టగలిగితే దాన్నే తర్వాత వ్యాపార దక్షత అంటారు.

ఆ ఓపిక నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, గేటు సంగతి జరిగిన పదిరోజులకి రైతు మళ్ళీ మా కొట్టుకొచ్చాడు. వెంట నలుగురు, అందరూ పంచెలవాళ్ళే, అందరి చంకలోనూ టెర్రీకాటన్. తలుపు దగ్గర నిలబెట్టి, వాళ్ళకి జిప్పు ఏ వైపుండాలో తనే పాఠం చెబుతున్నాడు. నేను మాత్రం ఆయన కాళ్ళ వైపు చూశాను. మొదటి కాలి మడత నేను కుట్టినట్టే ఉంది. రెండో కాలిది ఊడిపోయింది. కంకరలో ఆరు నిమిషాల్లో వేసిన కుట్టు ఎంతకాలం ఆగుతుంది. దాని మీద ఆయనే గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో, వేలెడేసి కుట్లు వేసుకున్నాడు.

విప్పి ఇవ్వండి, సరిచేస్తాను, తప్పు నాదే అన్నాను. ఉండనీ అన్నాడు. నలుగురివీ ఎప్పటికవుతాయన్నాడు. మూట వైపు చూసి, వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, పన్నెండు రోజులన్నాను. నలుగురూ మొహాలు చూసుకున్నారు. ఒకడు, పక్క సందులో రేపే ఇస్తానన్నాడు కదా అని గొణిగాడు.

రైతు కాలు ఎత్తి అరుగు మీద పెట్టి, ఆ పురికొస కుట్టు వాళ్ళకి చూపించి, ఎవరూ అడక్కుండానే ఈయన తప్పు నాదేనన్నాడు, విన్నారు కదా అన్నాడు. వాళ్ళు కుట్టుని చూశారు, నన్ను చూశారు. గొణిగినవాడు ముందుగా వచ్చి చేతులు పైకెత్తి నిలబడ్డాడు. నేను టేపు తీసుకుని, ఏమీ అనకుండా, నడుం కొలిచాను.